హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకు ఉపకార వేతనాలు

అమలాపురంలో ఇంటర్ పూర్తిచేసిన మీ అమ్మాయి వంట వృత్తిలో స్థిరపడాలనుకుంటోందనీ, అందుకు ఉపకార వేతనాలు ఏమైనా ఉన్నాయా అనీ అడిగారు. మాది మండపేటండి; నాన్నగారు పెళ్ళిళ్ళకు వండే వంట మేస్త్రి, చెల్లెలు హాస్పిటాలిటీలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: వంటవారికని విడిగా పెట్టిన పథకాల కోసం వెతకడం కన్నా, డిగ్రీ విద్యార్థులందరికీ వర్తించే పథకాలకు అర్హత తెచ్చే కోర్సులో చేరడం ముఖ్యం.

మా చెల్లెలికి ఆసరా అయినది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా వచ్చే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం. ఇంటర్‌లో 80వ పర్సంటైల్ దాటి, అంటే తన గ్రూపులో పరీక్ష రాసినవారిలో పై ఐదో వంతులో నిలిచి, కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల రూపాయలు మించనివారికి డిగ్రీ మూడేళ్ళూ ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇస్తారు. అందులో సగం అమ్మాయిలకే కేటాయించడం మీకు కలిసివచ్చే విషయం. ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే కొనసాగుతుంది. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేవారికి ఇది ఇవ్వరు కనుక, రెండింటిలో మీకు ఏది లాభమో ముందే లెక్క చూసుకోండి. బేకరీ, ఫుడ్ ప్రొడక్షన్ వంటి ఏడాదిన్నర డిప్లొమాలు వృత్తికి మంచివే కానీ, ఈ వేతనం డిప్లొమాలకు వర్తించదు. హైదరాబాద్, తిరుపతి ప్రభుత్వ సంస్థల్లో బీఎస్సీకి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే జాతీయ స్థాయి హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉంటే ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా రాయవచ్చు.

డబ్బు చేతికందే సమయం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కళాశాల తెరిచేనాటికి షెఫ్ కోట్లు, కత్తుల సెట్టు, సేఫ్టీ బూట్లు, హాస్టల్ అడ్వాన్సు అన్నీ ఒక్కసారే కావాలి. మావంటి ఇళ్ళకు ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, రాబడి ఉండదు. ఉపకార వేతనమో, దరఖాస్తు పరిశీలన పూర్తయి నెలల తరువాత గాని పడదు. అందుకే నాన్నగారు వైశాఖంలో వచ్చిన బయానాల్లోంచే కొంత తీసి పక్కన పెట్టారు. పరిశీలన పూర్తయి నెలలు గడిచినా డబ్బు రాలేదని కంగారుపడ్డాం. తీరా చూస్తే, ఆధార్‌తో అనుసంధానమై ఉన్నది చెల్లెలి పాత ఖాతా కావడంతో అందులో జమ అయింది. మీ అమ్మాయి ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో దరఖాస్తుకు ముందే బ్యాంకులో చూసుకోండి.

ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో ఇప్పుడే తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీరు ఎంచుకున్న కళాశాలకు వర్తిస్తుందో లేదో ఆ సచివాలయంలోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను అడిగి, ఆ జవాబు తెలిశాకే సీటుకు డబ్బు కట్టండి.