కంట్రోలర్ పెట్టాం, ఇక నిశ్చింతేనా?

పగడాల ట్యాంకుకు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ అమర్చుకోవడం మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ట్యాంకు, సంప్ (ట్యాంకు కింద పరికరాలుండే రెండో తొట్టి) కలిపి 200 లీటర్ల నీరు. కొత్త కంట్రోలర్‌తో ఉష్ణోగ్రత, పీహెచ్, ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ శక్తి), ఉప్పుశాతం కొలిచే ప్రోబ్‌లు, ఎనిమిది సాకెట్ల పవర్ స్ట్రిప్ వచ్చాయి. ఏది ముందు కలపాలి?

జవాబు: ఉష్ణోగ్రత ప్రోబ్, హీటర్. మిగతావి వారం ఆగినా కొంప మునగదు. ఓఆర్‌పీ సంగతి అసలు తొందరలేదు. ఓజోన్ వాడేవాళ్లకు అది తప్పనిసరి, వాడనివాళ్లకు కుతూహలం తీర్చే అంకె మాత్రమే. మేత వేసినా, నీళ్లలో చెయ్యి పెట్టినా పడిపోతుంది, మళ్లీ దానంతటదే లేస్తుంది.

హీటర్ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి. 200 వాట్లు కావాలనుకుంటే 100 వాట్లవి రెండు కొని, వేర్వేరు సాకెట్లకు ఇవ్వండి. రెండింటినీ ఒకే సాకెట్‌కు తగిలిస్తే, ఆ సాకెట్ రిలే (కంట్రోలర్ చెబితే కరెంటు కలిపే, తెంచే స్విచ్) అతుక్కుపోయిన రోజున రెండూ కలిసి మండుతాయి. కంట్రోలర్‌లో 25.3 డిగ్రీల కంటే తగ్గితే ఆన్, 25.7 దాటితే ఆఫ్ అని పెట్టండి. హీటర్ మీది సొంత థర్మోస్టాట్‌ను దాదాపు ఒక డిగ్రీ పైన, 26.5 దగ్గర ఉంచండి. రిలే ఆన్‌లో ఇరుక్కుంటే థర్మోస్టాట్ ఆపుతుంది, థర్మోస్టాట్ ఇరుక్కుంటే రిలే ఆపుతుంది. డయల్ మీది అంకెల్ని నమ్మొద్దు. కంట్రోలర్ లేకుండా ఒక రోజు నడిపి, వేరే థర్మామీటర్‌తో అది ఎక్కడ ఆగుతోందో చూసి సర్దుకోండి. ఫ్యానో చిల్లరో ఉంటే 27 దగ్గర మొదలై 26.5 దగ్గర ఆగాలి. ఎడం లేకపోతే ఒకటి వేడిచేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తూ కూర్చుంటాయి.

తర్వాత ప్రతి సాకెట్‌కూ ఒక ప్రశ్న వేసుకోండి: కంట్రోలర్ మెదడు చచ్చిపోతే ఇది ఏ స్థితిలో ఉండాలి? నెప్ట్యూన్ ఎపెక్స్ అనే కంట్రోలర్‌లో దీనికి ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉంది. రిటర్న్ పంపు (సంప్ నీటిని తిరిగి ట్యాంకులోకి పంపేది), అలల పంపు ఆన్. టాప్ ఆఫ్ పంపు (ఆవిరైన మేరకు మంచినీళ్లు పోసేది), డోసింగ్ పంపులు (రసాయన ద్రావణాలు పోసేవి) ఆఫ్. థర్మోస్టాట్ సరిచూసిన హీటర్ అయితే ఆన్, లేకపోతే ఆఫ్. ఎపెక్స్ ప్రోగ్రామ్‌లో ఆ క్షణానికి షరతు నిజమైన వాక్యాలన్నిటిలో చివరిదే చెల్లుతుంది. కాబట్టి ‘27 దాటితే ఆఫ్’ లాంటి రక్షణ వాక్యం ఎప్పుడూ అట్టడుగున రావాలి. పైన రాస్తే రాయనట్టే.

పవర్ స్ట్రిప్‌కు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఉండాలి. ప్రతి వైరూ సాకెట్‌లోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, జారిన నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. స్ట్రిప్‌ను సంప్ పైన కాక పక్కన, ఎత్తులో బిగించండి.

ప్రశ్న: పీహెచ్ ప్రోబ్ 7.6 అంటోంది, టెస్ట్ కిట్ 8.1 అంటోంది. పైగా హీటర్ వెలిగినప్పుడల్లా అంకె గెంతుతోంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది కాలిబ్రేషన్, అంటే విలువ ముందే తెలిసిన ద్రావణాలతో ప్రోబ్‌ను సరిచేయడం. రీఫ్ (పగడాల) ట్యాంకుకు పీహెచ్ 7, 10 బఫర్ ద్రావణాలు వాడాలి. 4, 7 జత కాల్షియం రియాక్టర్ (సున్నపు ముక్కల్ని కరిగించే పరికరం) లోపలి ప్రోబ్‌కు. మూసిన సాచెట్లను అరగంట సంప్‌లో తేలనివ్వండి, నీటి ఉష్ణోగ్రతకు వస్తాయి. 10.01 బఫర్ 25 డిగ్రీల దగ్గరే 10.01, చల్లబడితే కాస్త పెరుగుతుంది. ప్రోబ్‌ను ఆర్‌ఓ నీటితో కడిగి, కొనను రుద్దకుండా మెత్తని కాగితంతో అద్ది, ముందు 7లో, తర్వాత 10లో ముంచండి. అంకె నిలకడ పడేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. విప్పిన 10 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగిపోతుంది, దాచుకోకుండా పారబోయండి.

మిల్లీ వోల్టులు చూపించే కంట్రోలర్ అయితే ప్రోబ్ ఆరోగ్యమూ తెలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర 7కూ 10కీ మధ్య సుమారు 177 మిల్లీ వోల్టుల తేడా రావాలి. 150కి దిగితే కొత్తది కొనండి. గాజు మీద సున్నపు పొర ఉంటే మాత్రం ముందు పలుచని వెనిగర్‌లో పావుగంట నానబెట్టి చూడండి. ఏ ద్రావణంలో ముంచినా 7 దగ్గరే బిగుసుకుంటే గాజు పగిలి ఉంటుంది, లేదా ప్రోబ్ వైరు చివరి బీఎన్‌సీ కనెక్టర్‌లోకి ఉప్పుతేమ చేరి ఉంటుంది. పక్కన పెట్టాల్సి వస్తే పొటాషియం క్లోరైడ్ నిల్వ ద్రావణంలో ఉంచాలి. ఆర్‌ఓ నీటిలో ఉంచితే ప్రోబ్ పాడవుతుంది.

రెండోది కరెంటు జబ్బు. ఒక్కో పరికరాన్నీ ప్లగ్ పీకి చూడండి. హీటర్ తీయగానే అంకె నిలబడితే దోషి అదే, పగుళ్లు ఉన్నాయేమో చూసి మార్చేయండి. ఎర్త్ ప్రోబ్ (నీటిని ఎర్త్‌కు కలిపే తీగ) వేసి అంకె సర్దుకుందని ఊరుకుంటే లీకేజీని కప్పిపుచ్చినట్టే. ప్రోబ్ వైర్లను కరెంటు వైర్లతో కలిపి కట్టలు కట్టొద్దు.

ప్రశ్న: ఉప్పుశాతం (వెయ్యికి ఎన్ని పాళ్లో) రిఫ్రాక్టోమీటర్‌లో 35, ప్రోబ్‌లో 33. ఏది నిజం?

జవాబు: ముందు రిఫ్రాక్టోమీటర్‌ను 35 ప్రమాణ ద్రావణంతో సరిచూడండి. మంచినీటితో సున్నాకు పెట్టింది 35 దగ్గర తప్పొచ్చు. అది సరిగ్గా ఉంటే అనుమానం బుడగల మీదే. ఉప్పుశాతం ప్రోబ్ కొలిచేది నీటి వాహకతను, అంటే నీరు కరెంటును ఎంత ప్రవహించనిస్తుందో; దాని నోట్లో గాలిబుడగ ఇరుక్కుంటే అంకె తగ్గుతుంది. స్కిమ్మర్ (బుడగలతో మురికిని నురగగా తీసే పరికరం) నీరు బయటికొచ్చే చోటికి దూరంగా, సంప్ గోడకు ఆనకుండా, నీటిమట్టం మారని గదిలో బిగించి, బాగా ఊపి చూడండి. అప్పటికీ తేడా ఉంటే కాలిబ్రేట్ చేయండి. గాలిలో సున్నా, తర్వాత 53 మిల్లీ సీమెన్స్ ద్రావణం. 25 డిగ్రీల దగ్గర 35 ఉప్పుశాతానికి వాహకత అంతే. వాహకత డిగ్రీకి దాదాపు 2 శాతం మారుతుంది కాబట్టి ఉష్ణోగ్రత సవరణ ఆన్‌లో ఉండాలి.

ప్రశ్న: టాప్ ఆఫ్ పంపును ఆపే ఫ్లోట్ స్విచ్‌కు (నీటితో తేలి లేచే స్విచ్) నత్త అడ్డుపడి, 20 లీటర్ల మంచినీళ్లు సంప్‌లోకి పోయాయి. మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

జవాబు: 200 లీటర్లలో 20 లీటర్లు కలిస్తే 35 కాస్తా 31.8 అవుతుంది. ఒక్క సెన్సర్‌ను నమ్ముకుంటే ఇంతే. మామూలు మట్టానికి ఆప్టికల్ (కాంతితో నీటిని పసిగట్టే) సెన్సర్, దానికి మూడు సెంటీమీటర్ల పైన ఫ్లోట్ స్విచ్ పెట్టండి. ఏది ‘చాలు’ అన్నా పంపు ఆగాలి.

సెన్సర్లు రెండూ అబద్ధమాడినా కాపాడేది కాలపరిమితి. రోజుకు 4 లీటర్లు ఆవిరై, పంపు నిమిషానికి లీటరు పోస్తోందనుకుందాం. ఒకసారికి ఒక నిమిషం, రెండు పరుగుల మధ్య కనీసం 4 గంటలు అని పెడితే, ఎంత చెడినా రోజుకు 6 లీటర్లే. అంటే అదనంగా 2 లీటర్లు, 35 నుంచి 34.7కు దిగుతుంది, పగడాలకు తెలియను కూడా తెలియదు. సెన్సర్ వరుసగా 5 నిమిషాలు ‘తక్కువ’ అన్నాకే పంపు కదలాలి. లేకపోతే మేత కోసం ఆపిన రిటర్న్ పంపు మళ్లీ మొదలైనప్పుడు మట్టం కాసేపు పడిపోవడం చూసి నీళ్లు పోసేస్తుంది. అదే సమయంలో స్కిమ్మర్‌ను రిటర్న్ పంపు కంటే 10 నిమిషాలు ఆలస్యంగా లేపండి, కప్పు పొంగదు.

సైఫన్ ముందు ఈ ప్రోగ్రామింగ్ ఏదీ పనిచేయదు. పంపు ఆగినా పైపు నీళ్లు లాగుతూనే ఉంటుంది. పైపు కొస మంచినీటి తొట్టి నిండు మట్టం కంటే ఎత్తులో ఉండాలి, ఉప్పునీటిలో మునగకూడదు.

ప్రశ్న: రాత్రి పీహెచ్ 7.9కి పడిపోతోంది. 8.0 కంటే తగ్గితే సోడా ద్రావణం పోసేలా ప్రోగ్రామ్ రాయొచ్చా?

జవాబు: వద్దు. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఆగి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, 0.2 నుంచి 0.4 దాకా ఊగడం మామూలే. గ్లాసుడు ట్యాంకు నీళ్లను ఆరుబయట గంటసేపు ఎయిర్ పంపుతో బుడగలు పోయించి కొలవండి. పీహెచ్ పెరిగితే తప్పు గదిలోని గాలిది. కిటికీ తెరవండి, లేదా స్కిమ్మర్ గాలిగొట్టాన్ని బయటికి తీయండి. పీహెచ్‌ను చూసి సోడా పోసే కంట్రోలర్ ప్రతి రాత్రీ పోస్తూనే ఉంటుంది, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల నిల్వ) 8 నుంచి 12 డీకేహెచ్ దాటిపోతుంది.

డోసింగ్‌ను రోజూ ఖర్చయ్యే ఆల్కలినిటీని బట్టి లెక్కించండి. ఆల్కలినిటీ రోజుకు 8.4 నుంచి 8.0 డీకేహెచ్‌కు తగ్గితే 200 లీటర్లకు సోడియం కార్బొనేట్ 1.5 గ్రాములు కావాలి. లీటరులో 50 గ్రాములు కరిగిస్తే అది 30 మిల్లీ లీటర్లు, రోజుకు 12 విడతల్లో 2.5 చొప్పున. సీసాలో వారానికి సరిపడే 210 మిల్లీ లీటర్లే ఉంచండి. పంపు ఇరుక్కుని అంతా పోసేసినా ఆల్కలినిటీ 2.8 పెరుగుతుంది. లీటరు సీసా పెట్టి ఉంటే 13 పెరిగేది. పీహెచ్ ప్రోబ్‌కు ఇక్కడ ఒకే ఉద్యోగం: 8.5 దాటితే డోసింగ్ ఆపడం.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద రీఫ్-పై అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ అప్పుడప్పుడు 85 డిగ్రీలు చూపిస్తోంది.

జవాబు: పవర్ రాగానే, ఇంకా కొలత పూర్తవకముందు ఆ చిప్‌లో ఉండే అంకె 85. అంటే సరఫరా క్షణం తెగి వస్తోంది. వైరింగ్ బిగించండి, డేటా వైరుకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో చూడండి. 85 వస్తే హీటర్ ఆగుతుంది కాబట్టి అది కొంత నయం. తెగిన సెన్సర్‌కు మైనస్ 127 ఇచ్చే లైబ్రరీలున్నాయి, అక్కడ హీటర్ ఆగకుండా కాలుతుంది. 15కు తక్కువ, 40కి ఎక్కువ వచ్చే ఏ అంకెకైనా హీటర్ ఆఫ్ అయి అలారం మోగేలా చూడండి. స్టెయిన్‌లెస్ అని అమ్మే ఆ సెన్సర్ తొడుగులు చాలావరకు ఉప్పునీటిలో తుప్పుపడతాయి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టంతో మొత్తం కప్పండి. చౌక రిలే బోర్డులు చాలావరకు సిగ్నల్ కిందికి దిగితే ఆన్ అయ్యే రకం. రాస్ప్‌బెర్రీ పై బూట్ అయ్యేటప్పుడు అవి టకటకలాడుతున్నాయేమో ఏ పరికరం తగిలించకుండా ఒకసారి చూడండి.

ప్రశ్న: రోజుకు పాతిక అలర్ట్‌లు వస్తున్నాయి. చూడటం మానేశాం.

జవాబు: పీహెచ్, ఓఆర్‌పీ అలర్ట్‌లు తీసేయండి. ఉష్ణోగ్రత 24కు దిగువ లేదా 27.5కు పైన 10 నిమిషాలు నిలిస్తే, పై ఫ్లోట్ లేస్తే, నేల తడిస్తే, రిటర్న్ పంపు లాగే వాట్లు మామూలుకంటే బాగా తగ్గితే మాత్రమే ఫోన్ మోగాలి. కంట్రోలర్‌తోపాటు ఇంటర్నెట్ రౌటర్‌ను కూడా యూపీఎస్ మీద పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన కబురు కరెంటు వచ్చాకే చేరుతుంది. కంట్రోలర్ క్లౌడ్‌కు దొరక్కపోతే క్లౌడే మిమ్మల్ని పిలిచే ఏర్పాటు ఉంటే ఆన్ చేయండి.

నెలకోసారి పరీక్షించండి: ఫ్లోట్‌ను వేలితో లేపండి, ఉష్ణోగ్రత ప్రోబ్‌ను గోరువెచ్చని నీళ్ల కప్పులో ముంచండి, మెయిన్ ప్లగ్ పీకండి. నేల మీది లీక్ సెన్సర్ రెండు లోహపు కాళ్ల రకమైతే ఉప్పునీటితో ఒకసారి, ఆర్‌ఓ నీటితో ఒకసారి తడిపి చూడండి. ఆర్‌ఓ నీరు కరెంటును దాదాపు ప్రవహించనివ్వదు, అందుకే టాప్ ఆఫ్ తొట్టి కారినా ఆ రకం సెన్సర్ మౌనంగా ఉండిపోవచ్చు. తొట్టి పక్కన ఆప్టికల్ రకం పెట్టండి.