పాతికవేలు కట్టేముందు ఒక్క నంబర్ అడగండన్నా

నంద్యాల రోడ్డులో టైర్ల షాపు నడుపుకునే ఒకన్న లెటర్ రాసి అడిగినాడు. పిల్లోడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, కాలేజీ వాళ్ళు హైదరాబాద్‌లో విమానయాన రంగం వాళ్ళ సదస్సుకి తీస్కపోయినారంట, యువతకి ఏవియేషన్ చదువులని ఒక సెషను, ఎయిర్‌పోర్టుల మెయింటెనెన్స్ మీద ఇంకో సెషను విని వచ్చినాడు, వచ్చిన కాడ్నుంచి ఇంట్లో అదే పాట. అక్కడ స్టాల్‌లో ఒకాయన ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా మూడు లక్షలు, జాబ్ గ్యారంటీ, ఆదివారం లోపల పాతికవేలు కడితే సీటు ఖాయం అన్నాడంట. కట్టాలా వద్దా అని ప్రశ్న.

వద్దన్నా. ఆదివారం దాటితే పోయే సీటు పోనీండి.

మీ లెటర్‌లో నాకు నచ్చింది ఇంకోటి, "రన్‌వే మీద రబ్బరు గీకేదానికి కూడా ఇంజనీర్లుంటారంట నాయనా అంటాడు, ఇదేం పిచ్చి సార్" అని రాసినారు చూడండి, అది పిచ్చి కాదు, అసలు సంగతి అదే, పైగా మీకంటే బాగా అది అర్థమయ్యేవాళ్ళు ఎవరుంటారు. విమానం దిగేటప్పుడు చక్రం తిరగకుండా ఉంటాది, గంటకి 200 కిలోమీటర్ల పైన స్పీడుతో నేలని తాకుతాది, తాకిన ఆ క్షణంలో టైరు రాసుకుపోయి పొగొస్తాది కదా, ఆ రబ్బరు కాంక్రీటు గరుకులో పోయి కూర్చుంటాది. అట్ల పొర మీద పొర పడితే వానొచ్చినప్పుడు పట్టు దొరకదు, మన అరిగిపోయిన లారీ టైరు తడి రోడ్డు మీద జారినట్టే, కాకపోతే ఇక్కడ నున్నగైంది రోడ్డు. అందుకే కొలిచే చక్రమున్న బండిని రన్‌వే మీద నడిపి ఎంత పట్టుందో చూస్తారు, తగ్గితే హైప్రెషర్ నీళ్ళతో ఆ రబ్బరు లేపేస్తారు. ఎయిర్‌బస్ టైర్లలో గాలి సుమారు 200 పీఎస్ఐ ఉంటాది, అదీ నైట్రోజన్, వాటికీ మీ షాపులో మాదిరి రీట్రెడింగ్ చేసి, అంటే పైన కొత్త రబ్బరేసి, మళ్ళీ వాడతారు. ఇది మీ వాడికి చెప్పండి, నాయన మీద గౌరవం పెరుగుతాది.

2000లో పారిస్‌లో కాంకార్డ్ విమానం కూలింది. ముందు పోయిన విమానం నుంచి మూరెడు లోహపు పట్టీ రన్‌వే మీద పడింది, దాని మీదెక్కి టైరు పగిలింది, ఆ ముక్క తగిలి ట్యాంకు పగిలి మంటలు, 113 మంది పోయినారు. రన్‌వే మీద చెత్త ఏరే ఉద్యోగమని నవ్వేవాళ్ళకి ఇది చెప్తుంటా నేను.

ఇప్పుడు దారులు. రన్‌వే, లైట్లు, కేబుళ్ళు ఇష్టమైతే సివిల్ లేదా ఎలక్ట్రికల్ బీటెక్, తర్వాత గేట్ పరీక్ష రాస్తే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఇంజనీరు పోస్టులకి ఆ స్కోరు చూస్తారు. టవర్‌లో కూర్చుని విమానాలని నడిపించే ఏటీసీకి ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ చాలు, వయసు 27 లోపల, పరీక్ష, మెడికల్ ఉంటాయి. మన జిల్లాల్లో బీఎస్సీ అంటే మొహం తిప్పుకుంటారు, ఈ ఒక్క ఉద్యోగం తెలిస్తే తిప్పుకోరు. ఎయిర్‌పోర్ట్ ఫైర్ సర్వీసుకైతే ఇంటర్, డ్రైవింగ్ లైసెన్సు, ఒంట్లో సత్తువ.

విమానమే రిపేరు చేస్తానంటే ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు, దానికి డీజీసీఏ, అంటే విమానయానం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, లైసెన్సు కావాలి, బీ1 అంటే ఇంజిన్, బాడీ వైపు, బీ2 అంటే ఎలక్ట్రానిక్స్ వైపు. సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు, ఇక్కడే పిల్లలు బోల్తా పడేది. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి రెండేళ్ళు ఫీజు కట్టినాక తెలుసుకుంది తన కాలేజీకి డీజీసీఏ అప్రూవలే లేదని, బ్రోచర్ మీద మాత్రం విమానం బొమ్మ ఎంత బాగుందో.

మీ వాడు పైలట్ మాట కూడా ఎత్తినాడన్నారు. అరకోటి పైనే అవుతాది, 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఆశ ఉంటే ముందు డీజీసీఏ లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గర పైలట్లకి చేసే క్లాస్ 2 మెడికల్ చేయించండి, రంగులు కనపడకపోవడం లాంటిదేమన్నా ఉంటే అక్కడే బయటపడుతాది, పొలం అమ్మినాక కాదు.

కర్నూలు దగ్గర ఓర్వకల్‌ ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగం దొరకదా అన్నారు. మన ఎయిర్‌పోర్ట్ 2021 మార్చిలో మొదలైంది, రన్‌వే 2000 మీటర్లు, చిన్న విమానాలే ఎక్కువ. కొన్ని పోస్టులుంటాయి గానీ దాన్నే నమ్ముకుని కోర్సు తీసుకోవద్దు, శంషాబాద్, బెంగళూరు, చెన్నై అయినా పోతాననే మనసుంటేనే ఈ లైన్‌లోకి రమ్మనండి, అమ్మ దగ్గరే ఉంటా అంటే వేరే మాట్లాడుకుందాం.

ఆ డిప్లొమా మోసమని నేననడంలేదు, చెకిన్ కౌంటర్ లాంటి ఉద్యోగాలకి కొంత పనికొస్తాదేమో, కానీ వాటికి మామూలు డిగ్రీ, ఇంగ్లీషు, హిందీ ఉన్నోళ్ళని కూడా తీసుకుంటారు, మూడు లక్షలెందుకు. రేపు స్టాలాయనకి ఫోన్ కొట్టి సీఏఆర్-147 అప్రూవల్ నంబర్, అంటే ఏఎంఈ కాలేజీలకి డీజీసీఏ ఇచ్చేది, ఎంత సార్ అని ఒక్క మాట అడగండి. మాది ఏఎంఈ కాదు, మేనేజ్‌మెంట్ కదా అంటాడు. అయితే గ్యారంటీ జాబ్ ఏ కంపెనీలో, ఏ పోస్టు, పేపర్ మీద రాసిస్తావా అనండి. ఏమన్నాడో నాకు రాయండి.