మెలకువగా ఉండగానే గొంతు కింద రంధ్రమా?

ప్రశ్న: మా చెల్లికి 26 ఏళ్లు. 8 నెలల క్రితం మంచినీళ్లనుకుని బాత్రూమ్ కడిగే యాసిడ్ తాగేసింది. అన్నవాహిక మూసుకుపోయింది. సాగదీసే చికిత్స ఎన్నిసార్లు చేసినా నిలవలేదు. ఇప్పుడు పెద్దపేగు ముక్కతో కొత్త దారి వేస్తామంటున్నారు. మత్తు డాక్టరు గారేమో, మెలకువగా ఉండగానే గొంతు కింద రంధ్రం చేయాల్సి రావచ్చన్నారు. పాడైంది అన్నవాహిక కదా, ఊపిరికేం సంబంధం? పైగా తను నోరు బాగానే తెరుస్తుంది.

జవాబు: అమ్మా, ఆ మాట ముందే చెప్పిన డాక్టరును నమ్మండి. యాసిడ్ అన్నవాహికలోకి వెళ్లేది గొంతు మీదుగానే. ఊపిరి దారి కూడా అక్కడే మొదలవుతుంది. కాలిన చోట మానేటప్పుడు మచ్చకట్టి, దగ్గరకు లాక్కుపోతుంది. నోరు తెరిపించి చూస్తే అది కనపడదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో ఇలాంటి ఒకాయనకు, నోరు తెరుచుకుంటోంది, మెడ వంగుతోంది కదా అని మత్తిచ్చాం. లారింగోస్కోపు (గొంతులోపలికి చూసే పరికరం) పెట్టి చూస్తే స్వరపేటిక కనపడనే లేదు! దాని మీద మూతలా ఉండే పలచటి రేకు వెనక గోడకు అతుక్కుపోయింది. పక్కన శనగగింజంత సందు, ఊపిరి వదిలినప్పుడల్లా అందులోంచి నురగ బుడగలు. కండరాలను వదులుచేసే మందు అప్పటికి ఇవ్వలేదు కాబట్టి ఆయన సొంత ఊపిరి ఆగలేదు. వెంటనే మత్తు ఆపి లేపేశాం. ఆ బుడగలు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

మెలకువలో గొంతు కండరాలు బిగిసి ఆ సందును తెరిచి పట్టుకుంటాయి. మత్తులో అవి వాలిపోతే సందు మూసుకుపోవచ్చు, అప్పుడు మాస్కుతో గాలి పంపినా లోపలికి పోదు. అందుకే ముందు ముక్కులోంచి సన్నటి స్కోపుతో చూస్తారు. దారి ఉంటే, గొంతును తిమ్మిరెక్కించి, ఆ స్కోపు మీదుగానే ట్యూబు జారుస్తారు. లేదంటే చర్మానికి తిమ్మిరి మందిచ్చి గొంతు కింద ఊపిరి గొట్టానికి రంధ్రం చేసి ట్యూబు పెడతారు. చాలామందికి అది తాత్కాలికమే. స్వరపేటికే ముడుచుకుపోయి ఉంటే ఎక్కువకాలం ఉంచాల్సి రావచ్చు. అది పెట్టిన మొదట్లో మాట రాదు, పక్కన కాగితం, పెన్ను పెట్టండి.

ఇంకొకటి. మింగలేనివాళ్ల చేతిలో ఉమ్మడానికి ఎప్పుడూ ఒక గ్లాసుంటుంది. మీ చెల్లి దగ్గరా ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. రాత్రంతా ఏమీ తీసుకోకపోయినా మూసుకున్న చోటుకు పైన ఉమ్మి నిలిచే ఉంటుంది, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. మత్తుకు ముందు దాన్ని లాగేయాలి.

స్కోపు రిపోర్టు నెలల కిందటిదైతే ఆపరేషన్‌కు ముందు మళ్లీ చూడమని అడగండి, మచ్చ మారుతూనే ఉంటుంది. గొంతు బొంగురుపోయినా, గాలి పీల్చేటప్పుడు కూత వచ్చినా, వెల్లకిలా పడుకోలేకపోయినా ఆపరేషన్ తేదీ దాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.