టెక్ సందేహాలు: దవడ నొప్పికి టెన్స్ యంత్రం కొనవచ్చా?

సందేహం: రెండేళ్లుగా కుడి దవడ నొప్పి. ఆవులించినా, గట్టివి నమిలినా చెవి ముందు కలుక్కుమంటుంది. చర్మానికి అంటించుకుంటే నరాలకు సన్నని విద్యుత్తు పంపి నొప్పి తగ్గిస్తుందంటూ ఫోన్ యాప్‌తో నడిచే పరికరం ఒకటి కనిపించింది. కొనమంటారా?

సమాధానం: ఇప్పుడే కొనకండి. ముందు దంతవైద్యులకు చూపించి కారణం తేల్చుకోండి. పుచ్చిన పన్ను, అరిగిన కీలు, నిద్రలో పళ్లు కొరకడం... నొప్పి ఒక్కటే, మూలాలు వేరు.

మీరు చూసినది టెన్స్ యంత్రం. మోచెయ్యి గోడకు తగిలితే వెంటనే రుద్దుకుంటాం, నొప్పి కాస్త తగ్గుతుంది. స్పర్శను మోసే నరాలు చురుకైతే నొప్పి కబురుకు దారి ఇరుకవుతుంది. 1965లో శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం సారం ఇదే. రుద్దే చేతి పనిని ఇక్కడ విద్యుత్తు చేస్తుంది.

సిద్ధాంతం బాగుంది. ఫలితాల దగ్గరే నాకు తృప్తి లేదు. వాడుతున్నంతసేపు కొందరికి ఉపశమనం దొరుకుతుంది. అయితే దీర్ఘకాలిక దవడ నొప్పిపై 2023లో బీఎంజే అనే వైద్య పత్రిక ప్రచురించిన మార్గదర్శకాలు టెన్స్‌ను వాడకపోవడమే మేలన్న వైపు ఉంచాయి. నిపుణుల పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలు, చేత్తో చేసే కండర చికిత్స, నొప్పిని తట్టుకోవడం నేర్పే మానసిక చికిత్సలకు పెద్దపీట వేశాయి. వీటికి యంత్రమే అక్కరలేదు.

డాక్టర్ సరేనంటే, కొనేముందు మాన్యువల్ చదవండి. తల, ముఖం మీద వాడవద్దని చాలా యంత్రాల మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ మాట ఉన్నది మీకు పనికిరాదు. ‘ఈఎంఎస్’ అని ఉంటే అది కండరాన్ని ముడుచుకునేలా చేసేది, ఇప్పటికే బిగుసుకున్న దవడకు వద్దు. యాప్ హంగులకు డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. తీవ్రతను కొద్దికొద్దిగా పెంచి, చటుక్కున ఆపగలిగే మీట ఉంటే చాలు.

చెంప మీద వేళ్లు ఉంచి పళ్లు బిగించండి. ఉబ్బి గట్టిపడేది నమిలే కండరం. ప్యాడ్ ఎక్కడ అంటించాలో డాక్టర్ చూపేది సాధారణంగా ఆ చుట్టుపక్కలే. గడ్డం ఉంటే ప్యాడ్ సరిగా అంటదు, అంటిన కొద్దిచోటే విద్యుత్తంతా దిగి చురుక్కుమంటుంది. చీమలు పాకినట్టు అనిపిస్తే చాలు, దవడ తనంతట తాను అదిరితే తగ్గించండి. మెడ ముందు భాగాన, కళ్ల దగ్గర ఎప్పుడూ పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారు దీని జోలికి పోవద్దు. మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

సందేహం: మైగ్రేన్‌కు నుదుటిపై పెట్టుకునే పరికరం ఉంది. దాన్నే దవడకు వాడవచ్చా?

సమాధానం: వద్దు. అలాంటి ‘సెఫాలీ’ అనే పరికరానికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అనుమతి ఇచ్చింది మైగ్రేన్‌కే. అది కదిలించేది ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరంలో కనుబొమల పైకి వచ్చే పై శాఖను. దవడకు వెళ్లేది కింది శాఖ.