కార్తీకం గిరాకీ చూసి షాపు పెట్టొద్దు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నా వయసు 41. మూడేళ్లుగా ఇంట్లోనే వండి క్యారేజీలు పంపిస్తున్నాను. అన్నం, పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు. మామూలు నెలల్లో రోజుకు 25 క్యారేజీలు వెళ్తాయి. ఖర్చులు పోను నెలకు 22 వేలు మిగులుతాయి. మొన్న 2025 కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి లేని వంట కావాలని అడిగేవాళ్లు పెరిగి రోజుకు 50 దాకా పంపాను. ఆ నెల 38 వేలు మిగిలాయి. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 18 వేలు, ఈఎస్‌ఐ ఉంది. బాబు ఇంటర్ చదువుతున్నాడు. ఇంటి ఖర్చు 32 వేలు. ఈ కార్తీకం డబ్బు కాక బ్యాంకులో 14 వేలు ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద షాపు చూసి 5 వేలు బయానా ఇచ్చాను. అద్దె నెలకు 9 వేలు. అడ్వాన్సు, ఫ్రీజర్, పెద్ద గిన్నెలు, అన్నీ కలిపి 3 లక్షలు కావాలి. నగలు కుదువపెట్టి 2 లక్షలు, డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకుందామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు: వద్దు. మీ ఒక్కరి సంగతే అయితే ఈ మాటతో సరిపోయేది. కానీ వేసవిలో ఆవకాయ పెట్టి అమ్మేవాళ్లు, సంక్రాంతికి అరిసెలు, జంతికలు చేసిచ్చేవాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. గిరాకీ ఉన్న ఒక్క నెలను పట్టుకుని మిగతా పదకొండు నెలలకూ అదే లెక్క వేసేస్తున్నారు.

మీరు ఉత్తరంతో పంపిన లెక్కల పుస్తకం పేజీలు చూశాను. సోమవారం కంద 3 కేజీలు, బచ్చలి 8 కట్టలు, చింతపండు, ఆవాలు. మంగళవారం గుమ్మడికాయ దప్పళం. బుధవారం పెసరపప్పు వేసి పొట్లకాయ. ఇంకో రోజు చిక్కుడుకాయ కూర, ఉసిరికాయ పచ్చడి. (కంద తరిగితే చేతులు ఎంత దురద పెడతాయో నాకూ తెలుసు. యాభై మందికి ఆవ పెట్టిన కందా బచ్చలి వండారంటే దండం పెట్టాలి.) ఎక్కడా పనీరు లేదు, జీడిపప్పు లేదు. ఆ రోజు రైతు బజారులో ఏది చవగ్గా దొరికితే అదే కూర. మీకు మిగులుతున్నదంతా ఆ పద్ధతి వల్లే. మరి ఏ రోజు కూర ఆ రోజే వండే మీకు ఫ్రీజర్ ఎందుకు?

అదే పుస్తకంలో రెండు రోజులకు ఎదురుగా ఏమీ లేదు. పక్కన చిన్న అక్షరాలతో 'తుపాను, కరెంటు లేదు' అని రాసుకున్నారు. మొంథా తుపాను అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది. సరిగ్గా మీ గిరాకీ నెలలోనే. అప్పటికే షాపు తెరిచి, అప్పు నెత్తిన ఉంటే ఆ రెండు రోజులకూ కిస్తీ కట్టాల్సిందే. వసూలుకు వచ్చే కుర్రాడు తుపాను వచ్చిందని ఆగడు.

ఆ డైలీ ఫైనాన్స్ లెక్క మీరు వేసుకున్నట్టు లేదు. లక్ష అని కాగితం మీద రాసి, 10 వేలు ముందే పట్టుకుని 90 వేలు చేతిలో పెడతారు. రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. 'పది శాతమే కదా' అంటారు. కాదు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నారు కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉండేది 45 వేలే. దానికి 10 వేలు ఇస్తున్నారు. ఏడాదికి లెక్క కడితే వడ్డీ 80 శాతం దాటుతుంది. వడ్డీ మాట పక్కన పెట్టినా నెలకు 30 వేలు కిస్తీ. మీకు మామూలు నెలలో మిగిలేది 22 వేలు! ఇంకా షాపు అద్దె, నగల మీద వడ్డీ, సాయానికి పెట్టుకునే మనిషి జీతం మొదలే పెట్టలేదు. కొత్త షాపుకు గిరాకీ కుదిరేలోపే నగలు కూడా పోతాయి.

ఇంకో మాట. మీ గ్యాసు ఖర్చు చూస్తే ఇంటి సిలిండరే వాడుతున్నట్టుంది. 14.2 కేజీల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు. 19 కేజీల కమర్షియల్ సిలిండర్ లెక్క వేస్తే ఆ 22 వేలు కూడా తగ్గుతుంది.

అసలు నన్ను భయపెట్టింది అప్పు కూడా కాదు, ఆ 14 వేలు. నెలకు 32 వేలు ఖర్చయ్యే ఇంట్లో 14 వేలంటే రెండు వారాలు కూడా రావు. మీ వ్యాపారమంతా మీ రెండు చేతుల మీద నడుస్తోంది. టైఫాయిడ్ వచ్చి నెల రోజులు పడుకున్నారనుకోండి, ఈఎస్‌ఐ వైద్యం చూసుకుంటుంది. పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఆ నెల 22 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? క్యారేజీ ఆగితే జనం ఇంకో చోట కుదుర్చుకుంటారు, మళ్లీ 25కి రావడానికి ఇంకో రెండు నెలలు పడుతుంది. అందుకే మీకు అత్యవసర నిధి జీతం వచ్చేవాళ్ల కన్నా ఎక్కువ కావాలి. ఆరు నెలల ఖర్చు, అంటే 1,92,000. ఒక్కసారి కాదు, ముందు మూడు నెలలది, 96 వేలు.

కార్తీకంలో అదనంగా మిగిలిన 16 వేలు ఖర్చు పెట్టకుండా ఉన్న 14 వేలకు కలపండి. 30 వేలు అవుతుంది. ఇద్దరి సంపాదనా 40 వేలు, ఖర్చు 32 వేలు. మిగిలే 8 వేలలో 7 వేలు నెల మొదట్లోనే వేరే ఖాతాలోకి పంపండి. పది నెలల్లో లక్ష. వచ్చే కార్తీకానికి ముందే చేతిలో ఉంటుంది. దాన్ని మిక్సీ పాడైందనో, ఆషాఢంలో చీరల తగ్గింపు అనో ముట్టుకోవద్దు. బాబు కాలేజీ ఫీజుకు కూడా కాదు, దానికి వేరే దాచుకోవాలి.

మీరూ మీవారూ బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. మీవారి పేరు మీద టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) కూడా చూడండి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే డబ్బు), బంగారం స్కీములు ఇప్పుడు అక్కర్లేదు.

నిధి నిండాక కూడా షాపు మనసులో ఉంటే, ముందు ఇంటి నుంచే 35 క్యారేజీలు ఏడాది పొడవునా నిలబెట్టండి. కార్తీకంలో వచ్చిన ఆ పాతిక మందిలో మార్గశిరంలో ఎందరు మిగిలారో రాసుకోండి. గిన్నెలకు డబ్బు తక్కువైతే చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా రుణాల్లో శిశు విభాగం ఉంది, 50 వేల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులోనే ఇస్తారు.

ఇక ఆ బయానా. షాపు యజమానిని కలిసి మర్యాదగా అడిగి చూడండి. సగం ఇచ్చినా తీసుకోండి. ఇవ్వనంటే వదిలేయండి. 5 వేలు పోతాయని 3 లక్షలు అప్పు చేయకండి.