కలకత్తా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

అత్త ఆశీర్వదించి రాసేది. నువ్వు డిసెంబరులో స్నేహితురాళ్ళతో మూడు రోజులు కలకత్తా వస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సొంత జీతంతో టికెట్లు కొనుక్కున్నావట. సంతోషం పట్టలేక మీ మామయ్యకి చెప్పాను. ఆ పైన రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

స్వెట్టరు తెచ్చుకో. మెత్తని చెప్పులు వేసుకో. ఆధార్ కార్డు మరిచిపోకు. ఇవి నీకు తెలిసినవే.

నువ్వు పంపిన ప్లాను మీ అమ్మ నాకు వాట్సాప్ చేసింది. మొదటి రోజే మ్యూజియం, విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్ గుడి, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, హౌరా బ్రిడ్జి. చూడగానే మీ నాన్న చేతిరాత గుర్తొచ్చింది. ఆయన కూడా పెళ్ళయిన కొత్తలో మీ అమ్మని తీసుకొచ్చి ఇలాగే ఒక కాగితం రాసుకున్నాడు. సోమవారం పూట బయల్దేరుతుంటే, "ఒరే, ఇవాళ మ్యూజియం ఉండదురా" అన్నాను. "ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో కూర్చుని నీకేం తెలుసక్కా" అన్నాడు. తెల్లవారుజామున మొదటి లోకల్లో వెళ్ళారు. సామాను హౌరా క్లోక్ రూములో పెట్టి, రాత్రి అక్కడే ఇంటికి మెయిలు బండి ఎక్కాలని లెక్క.

మ్యూజియం గేటుకి తాళం. విక్టోరియాకి వెళ్తే లోపలి భవనానికీ సోమవారం సెలవే, తోటలో తిరిగి వచ్చారు. పోనీ అమ్మవారినైనా చూద్దామని బస్సెక్కి దక్షిణేశ్వరం చేరేసరికి ఒంటిగంట దాటింది, మధ్యాహ్నం గుడి తలుపులు వేసేశారు. మళ్ళీ తెరిచేదాకా కూర్చుందామంది మీ అమ్మ. వింటేగా! టైము వేస్టని పడవెక్కించి గంగ అవతల బేలూరు తీసుకెళ్ళాడు. అక్కడా మధ్యాహ్నం మూతే. పొద్దున్న నా ఇంట్లో తిన్న రెండు ఇడ్లీలు తప్ప ఆ పిల్ల కడుపులో ఏమీ లేదు. "ఇంకో గంటలో తిందాం" అంటూ తిప్పాడట. చివరికి ఘాట్ మెట్ల మీద కాగితం పొట్లంలో ఝాల్‌మూరి, అదే వాళ్ళ మరమరాల మిక్చరు, కొనిచ్చాడు. అందులో పచ్చి ఆవనూనె పోస్తారు కదా, అలవాటు లేని ముక్కుకి ఆ ఘాటు పడలేదు. ఒక గుప్పెడు నోట్లో వేసుకుని మిగతాది కాకులకి వేసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు బడాబజార్లో ఇరుక్కుంది. దిగి పరుగు. సాయంత్రం హౌరా బ్రిడ్జి మీద ఆ జనాన్ని నువ్వు చూడాలి. నెత్తిన బుట్టలు, గంపలు పెట్టుకున్న కూలీలు ఎదురొస్తుంటే పక్కకి తప్పుకోవలసింది మనమే, వాళ్ళు ఆగరు. మీ అమ్మ చెప్పు తెగి, ఒంటి కాలి చెప్పుతోనే బ్రిడ్జి దాటింది. సామాను విడిపించుకుని ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి మెయిలు వెళ్ళిపోయింది. అర్ధరాత్రి దాటాక మా తలుపు కొట్టారు. మీ నాన్నని నాలుగు తిట్టాను. మీ అమ్మ మాత్రం రైలు పోయిందని ఏడవలేదు. "దక్షిణేశ్వరం దాకా వెళ్ళి అమ్మవారి మొహం చూడకుండా వచ్చాం వదినా" అని ఏడ్చింది. వేడన్నంలో చారు కలిపి పెడితే తింటూ తింటూనే కునికిపాట్లు పడింది, పిచ్చిది. ఆ తర్వాత కెమెరా రీలు కడిగిస్తే అన్నిట్లోనూ మూసిన గేట్లే. ఆల్బమ్ మీ ఇంట్లోనే ఉంటుంది, అడుగు.

అందుకే చెప్తున్నా, ఊరిని ముక్కలుగా చూడు. దక్షిణేశ్వరానికి ఇప్పుడు మెట్రో ఉంది. పొద్దున్నే వెళ్ళి దర్శనం చేసుకుని, బయట వేడి కచోరీ, కూర తిని, పడవలో బేలూరు వెళ్ళండి. పదకొండులోపు లోపల ఉండాలి. ఆ రోజుకి అది చాలు. రాణీ రాస్మణి 1855లో కట్టించిన గుడి, పక్కనే వరసగా పన్నెండు శివాలయాలు, తొందరపడితే ఏం కనిపిస్తుంది? మ్యూజియం, విక్టోరియా ఇంకో రోజు, సోమవారం కాకుండా. 1814లో మొదలైన మ్యూజియం అది, ఈజిప్టు మమ్మీ కూడా ఉంది. మిగిలిన రోజు తెల్లవారుతూనే బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ పూల మార్కెట్‌కి వెళ్ళు. బంతిపూల దండలు తాళ్ళ చుట్టల్లా భుజాన వేసుకుని తిరుగుతుంటారు. కాళ్ళ కింద బురద, జాగ్రత్త. కాళీఘాట్‌లో పండాలు, అంటే గుడి పూజారులు, చుట్టుముడతారు. ఎవరి చేతికీ పర్సు ఇవ్వకు, "పూజ చేయిస్తా" అన్నవాడి వెనక వెళ్ళకు.

తిండి సంగతి. పప్పులోనూ పంచదార వేస్తారు, మొహం చిట్లించకు. బిర్యానీలో బంగాళదుంప కనిపిస్తే హైదరాబాదు గొప్పలు మొదలెట్టకు. 1856లో ఇక్కడికొచ్చిన లక్నో నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ళ నుంచి వచ్చిందంటారు, నాకు ఆ దుంపే ఇష్టం. ఇలిష్ అంటే మన పులసే, కానీ అది వానాకాలపు చేప. డిసెంబరులో దాని మీద డబ్బు తగలెయ్యకు. పైగా ఒళ్ళంతా ముళ్ళు, నువ్వేమో ఫోన్ చూస్తూ తింటావు. చలికాలంలో వచ్చే కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి తిను, అది మిగతా కాలాల్లో దొరకదు. కాలేజ్ స్ట్రీట్ దగ్గర పైస్ హోటళ్ళని చవకైన పాతకాలపు భోజన హోటళ్ళుంటాయి. అరిటాకులో వడ్డిస్తారు, కొన్నిచోట్ల ఆకుకి కూడా విడిగా లెక్క కడతారు. మోసం అనుకుని గొడవ పడకు. పుచ్కా, అదే మన పానీపూరీ, తినొద్దంటే వింటావా? జనం మూగిన బండి దగ్గరే తిను, తిరుగు ప్రయాణం రోజు మాత్రం వద్దు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ తిరుగు ప్రయాణమే. టికెట్ మీద స్టేషను పేరు హౌరా అని ఉందో, షాలిమార్ అని ఉందో కళ్ళు పెట్టి చూడు. మన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు షాలిమార్ నుంచే. హౌరా అయితే పాత స్టేషనా, కొత్త కాంప్లెక్సా అడుగు. మన వైపు బళ్ళు ఎక్కువగా కొత్త దాంట్లోంచే. ట్యాక్సీలో బ్రిడ్జి దాటుదామనుకోకు. 2024లో ఎస్ప్లనేడ్ నుంచి హౌరాకి నది కిందుగా మెట్రో వేశారు. నెత్తి మీద గంగ పారుతుంటే కింద రైల్లో కూర్చోవడం తలుచుకుంటేనే నాకు గుండె దడ, నేనైతే లాంచీకే ఓటు. నువ్వు మాత్రం మెట్రోయే ఎక్కు. నది దాటడం ముప్పావు నిమిషమేనట, మామయ్య చెప్పారు. దిగాక ఒక ఫోను చెయ్యి.

మీ బండి ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది. బోగీ నంబరు, సీటు నంబరు ముందే పంపు. చపాతీలు, పెరుగన్నం, నీకు ఇష్టమని గోంగూర పచ్చడి పట్టుకుని ప్లాట్‌ఫాం మీద ఉంటాను. ఎంతమందో చెప్తే అందరికీ చేస్తాను. వాళ్ళలో ఎవరైనా ఉల్లి, వెల్లుల్లి తినకపోతే అదీ రాయి.

ఇట్లు,
మీ అత్త