వాటర్‌ప్రూఫ్ బూట్లు వేసినా సాక్స్ తడుస్తుంటే

నవంబర్ వానల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కొండల్లో జింకల వేటకి వెళ్తే, 800 గ్రాముల ఇన్సులేషన్ (చలి ఆపే దళసరి పొర) ఉన్న గోర్‌టెక్స్ (నీళ్లు రానివ్వకుండా చెమట ఆవిరిని బయటికి వదిలే పల్చటి పొర) బూట్లు వేసినా రెండు గంటల్లో సాక్స్ తడుస్తున్నాయని ఒకరు అడిగారు. అది చాలావరకు చెమటే అయ్యుంటుంది. 800 గ్రాములది కదలకుండా కూర్చుని కాపు కాసేవాళ్లకి. కొండెక్కే నడకకి 200 చాలు, మరీ చలైతే 400.

షాపువాడితో గొడవ పెట్టుకునే ముందు లీకు ఉందో లేదో చూడండి:

1. ఇన్‌సోల్ తీసి, ఆరిన బూటులో టిష్యూ పేపర్ పరవండి.
2. తేలకుండా లోపల బరువు పెట్టి, చీలమండ దాకా నీళ్లున్న బకెట్‌లో అరగంట ఉంచండి.
3. వేళ్ల దగ్గర మడత పడేచోట టిష్యూ తడిస్తే లోపలి గోర్‌టెక్స్ పొర చిరిగినట్టే. వారంటీలో మార్పించుకోండి.

టిష్యూ పొడిగానే ఉందా? అయితే పైతోలు చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. నీటిబొట్టు జారిపోకుండా ఇంకి తోలు నల్లబడుతోందంటే, పొర బాగున్నా చెమట ఆవిరి బయటికి పోదు. కుట్లలో బురద పోయేలా బ్రష్‌తో కడిగి, తోలు తడిగా ఉండగానే నిక్‌వాక్స్ లాంటి నీళ్ల ఆధారిత వాటర్‌ప్రూఫింగ్ పట్టించండి. హీటర్ పక్కన మాత్రం ఆరబెట్టకండి, సోల్ జిగురు ఊడుతుంది.

కాటన్ సాక్స్ వద్దు, ఒక జత మెరినో ఉన్నివి చాలు. రెండు జతలు బిగిస్తే రక్తం ఆడక ఇంకా చలేస్తుంది.

రెయిన్ ప్యాంటు అంచు బూటు పైనుంచి రావాలి, లోపలికి దూర్చకూడదు.